పలక మీద చుంచు పుర్రె: అపోహలు – వాస్తవాలు

మార్కాపురం పేరు చెబితే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది పలక. నల్లటి పలక మీద తెల్లటి బలపంతో అక్షరాలు దిద్దిన తరాలు ఇంకా మన మధ్యే ఉన్నాయి. అదే పలక మీద మూడు సెంటీమీటర్ల చుంచు పుర్రెను పెట్టి, భూతద్దం పట్టి చూడండి. తెల్లటి చిన్న పళ్ళు వరుసగా అక్షరాల్లాగే కనిపిస్తాయి. వాటిని చదవడం నేర్చుకుంటే ఆ జంతువు ఏమిటో, ఏం తిని బతికిందో, ఎంత ముసలిదై పోయిందో తెలుస్తుంది.

గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, దోర్నాల, ఎర్రగొండపాలెం ఊళ్ళల్లో చుంచును చూడని ఇల్లు ఉండదు. రాత్రిపూట గోడవారగా కిచకిచమంటూ పరుగెత్తుతుంది. వెనకే ఘాటైన కంపు. "ఎలుక దూరింది" అని ఎవరో ఒకరు చీపురు తిరగేస్తారు. ఆ ఒక్క మాటలోనే మొదటి అపోహ ఉంది. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

అపోహ 1: చుంచు కూడా ఒక రకం ఎలుకే. మూతి కాస్త పొడుగు, అంతే.

వాస్తవం: పేరులో 'చుంచెలుక' అన్నాం గానీ ఆ రెండింటికీ చుట్టరికం చాలా దూరం. ఎలుక, ఉడత, పందికొక్కు కొరికే జంతువుల జట్టు. చుంచు పురుగులు తినే హెడ్జ్‌హాగ్, మోల్ జట్టులోది. క్షీరదాల వంశవృక్షంలో చుంచుకు ఎలుక కన్నా గబ్బిలం, ఆవు, పిల్లి దగ్గరి చుట్టాలు. ఎలుక అటు మన కొమ్మ మీద ఉంది. మరో తేడా వైద్యులకు బాగా తెలుసు. ఎలుక వాంతి చేసుకోలేదు, చుంచు చేసుకోగలదు. అందుకే వాంతులు ఆపే మందుల పరిశోధనలో చుంచును వాడతారు.

పుర్రె ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఎలుక పుర్రెకు రెండు పక్కలా విల్లులా వంగిన చెంప ఎముక ఉంటుంది. చుంచు పుర్రెకు అది అసలు ఉండదు. పైనుంచి చూస్తే పొడుగ్గా, సన్నగా, ముందుకు సాగిన ఆకులా కనిపిస్తుంది. ఎలుక చెవి దగ్గర ఎముక బుడగలా ఉబ్బి ఉంటుంది. చుంచుకు అక్కడ సన్నటి ఉంగరం మాత్రమే. కింది దవడ కీలు చూస్తే చుంచుకు పుర్రెతో రెండు చోట్ల అతికే ముఖాలు ఉంటాయి. ఇక ప్రాణంతో ఉన్న జంతువైతే ముందు పాదం చూస్తే చాలు. చుంచుకు అయిదు వేళ్ళు, ఎలుకకు పైకి కనిపించేవి నాలుగే.

అపోహ 2: కందుల బస్తా కొరికేది, బీరువాలో బట్టలు చించేది చుంచే.

వాస్తవం: నేరం జరిగిన చోట కనిపించింది కదా అని దోషిని చేస్తున్నాం. నోరు తెరిచి చూస్తే నిజం బయటపడుతుంది.

ఎలుక నోట్లో పళ్ళు 16. ముందు పైన రెండు, కింద రెండు ఉలుల్లాంటి కొరికే పళ్ళు. వాటి వెనక చాలా దూరం ఖాళీ. ఆ తర్వాత దవడ పళ్ళు. ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఎలుక ఏదో ఒకటి కొరుకుతూ వాటిని అరగదీసుకోవాలి. బస్తా, తలుపు, వైరు ఏదైనా దానికి ఒకటే.

మన ఇంటి చుంచు నోట్లో పళ్ళు 30. మధ్యలో ఖాళీ లేదు. పైదవడ ముందు పన్ను కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది, దాని వెనక మడమలా మరో మొన. కింది ముందు పన్ను నేలకు సమాంతరంగా ముందుకు చాచి ఉంటుంది. రెండూ కలిస్తే కంసాలి పట్టకారు. పగుల్లో దాక్కున్న బొద్దింకను, కీచురాయిని లాగడానికి సరిపోయిన పనిముట్టు. వెనక దవడ పళ్ళ మీద మొనలు ఆంగ్ల అక్షరం 'డబ్ల్యూ' ఆకారంలో తీరి ఉంటాయి. పురుగు పెంకును ముక్కలు చేయడం వాటి పని. ఈ పళ్ళు పెరగవు. వీటితో చెక్కను చెక్కడం దానివల్ల కాదు. వంటింట్లో పడేసిన మాంసం ముక్క, అన్నం మెతుకు తింటే తినవచ్చు. బస్తాకు కన్నం పెట్టింది మాత్రం ఎలుకే.

ఇందులో ఒక విషాదం కూడా ఉంది. చుంచుకు పాలపళ్ళు తల్లి కడుపులోనే కరిగిపోతాయి. పుట్టాక వచ్చేది ఒకటే వరుస. అది అరిగితే మరొకటి రాదు. బతికేదే ఏడాది, రెండేళ్ళు. ముసలి చుంచు పుర్రెలో ఆ మొనలన్నీ అరిగి చదునై ఉంటాయి. వయసు లెక్కగట్టేది ఆ అరుగుదలను చూసే.

అపోహ 3: చిన్నగా కనిపించే చుంచులన్నీ ఇంటి చుంచు పిల్లలే.

వాస్తవం: ఇంట్లో తిరిగేది 1766లో లిన్నేయస్ పేరు పెట్టిన సంకస్ మ్యూరినస్. దాని పిల్లలు ఒకదాని తోక మొదలు ఒకటి నోట కరుచుకుని తల్లి వెంట వరుసగా నడుస్తాయి. మసక వెలుతురులో ఆ వరుసను చూసి పామనుకుని జడుసుకునేవాళ్ళూ ఉన్నారు.

అదే ప్రజాతిలో వేరే జాతులు ఉన్నాయి. 1877లో ఆండర్సన్ వర్ణించిన సంకస్ స్టోలిజ్కానస్ పొడి నేలల జంతువు, లేత బూడిద రంగు, ఇంటి చుంచు కన్నా బాగా చిన్నది. 1822లో సావి వర్ణించిన సంకస్ ఎట్రస్కస్ మరీ చిన్నది. దాని బరువు సుమారు రెండు గ్రాములు. బరువులో ప్రపంచంలోకెల్లా చిన్న క్షీరదం అదే. యూరప్ నుంచి దక్షిణాసియా దాకా ఉంది, మన దేశంలోనూ ఉంది. ఒక రోజులో తన బరువుకు మించి తినాలి, లేకపోతే బతకదు.

పిల్లదా, చిన్న జాతిదా అనేది పొడవు కొలిచి తేల్చలేం. పుర్రె చూడాలి. పళ్ళన్నీ పూర్తిగా వచ్చి, మొనలు అరగడం మొదలై, పుర్రె ఎముకల అతుకులు కలిసిపోయి ఉంటే అది పెద్దదే. ఇంటి చుంచు పుర్రె మూడు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఎట్రస్కస్ పుర్రె పదమూడు మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అంటే చిటికెన వేలి గోరంత. స్టోలిజ్కానస్‌ది ఈ రెంటికీ నడుమ.

అపోహ 4: చుంచు పళ్ళ కొనలు ఎర్రగా ఉంటాయి. ఎరుపు లేకపోతే అది చుంచు కాదు.

వాస్తవం: విదేశీ పుస్తకాలు చదివిన విద్యార్థులకు వచ్చే చిక్కు ఇది. యూరప్, అమెరికాల్లో ఎక్కువగా కనిపించే సోరెక్స్ వంటి చుంచుల పళ్ళ కొనలు నిజంగానే ముదురు ఎరుపు. అది రక్తపు మరక కాదు, పన్ను పింగాణీలో చేరిన ఇనుము. అరుగుదలను తట్టుకోవడానికి అది సాయపడుతుంది. మన దేశంలో ఆ ఎర్రపళ్ళ ఉపకుటుంబం హిమాలయాల వైపే ఉంది. నల్లమల, వెలికొండల నడుమ దొరికే చుంచులన్నీ తెల్లపళ్ళవే. ఇక్కడ ముందు పళ్ళు నారింజ రంగులో ఉన్న పుర్రె దొరికిందంటే అది ఎలుకదో, ఉడతదో అయి ఉంటుంది. ఆ రంగుకూ ఇనుమే కారణం.

అపోహ 5: పళ్ళు లెక్కపెడితే చాలు, జాతి పేరు చెప్పేయొచ్చు.

వాస్తవం: లెక్క మొదటి మెట్టు మాత్రమే. అయినా ఆ మెట్టు చాలా విలువైనది. పైదవడలో కొక్కెం పన్నుకూ, వెనకున్న పెద్ద అగ్రచర్వణకానికీ మధ్య ఒక్కో మొన ఉన్న చిన్న పళ్ళు వరుసగా ఉంటాయి. వాటిని ఒంటిమొన పళ్ళు అందాం. ఒక పక్క అవి నాలుగు ఉంటే సంకస్, మూడే ఉంటే క్రోసిడ్యూరా, అయిదు ఉంటే సోరెక్స్. మొత్తం పళ్ళు వరుసగా 30, 28, 32. క్రోసిడ్యూరాలు మన దేశంలో ఈశాన్యంలో, అండమాన్ దీవుల్లో ఉన్నాయి. 2021లో కూడా నార్కొండం దీవి నుంచి జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు ఒక కొత్త క్రోసిడ్యూరాను వర్ణించారు.

చిక్కల్లా ఆ నాలుగో పన్నుతోనే. సంకస్‌లో అది ఆవగింజలో సగం కూడా ఉండదు, పక్క పళ్ళ చాటున నక్కి ఉంటుంది. పక్క నుంచి చూస్తే తప్పిపోతుంది, కింది నుంచీ చూడాలి. ముసలి పుర్రెలో అది ఊడిపోయి గుంట మాత్రమే మిగలవచ్చు. ఆ గుంటనూ ఒక పన్నుగానే లెక్కపెట్టాలి. లెక్క ప్రజాతిని చెబుతుంది. జాతి చెప్పాలంటే పుర్రె పొడవు, మూతి వెడల్పు, పళ్ళ వరుస పొడవు, ఒంటిమొన పళ్ళ పరిమాణాల పోలిక అన్నీ కావాలి. ఇంటి చుంచులోనే మగది ఆడదానికన్నా పెద్దది, ప్రాంతాన్ని బట్టీ పరిమాణం మారుతుంది. అందుకే ఇప్పుడు పుర్రె కొలతలతో పాటు డీఎన్‌ఏ కూడా చూస్తున్నారు. ఒక పుర్రె చూసి తొందరపడి పేరు పెట్టకుండా ఉండటం కూడా ఈ విద్యలో భాగమే.

అపోహ 6: కొండల్లో ఉండే 'చెట్టు చుంచు' ఒక రకం చుంచు. కాదంటే ఒక రకం ఉడత.

వాస్తవం: ఇది మన ఇంటి కథ. వెలికొండ పేరు ఇప్పుడు ప్రాజెక్టు వల్ల అందరి నోటా ఉంది. ఆ కొండల వరుస నుంచే ఒక జంతువు శాస్త్రలోకానికి పరిచయమైంది. 1850లో బ్రిటిష్ మ్యూజియంకు చెందిన జార్జ్ వాటర్‌హౌస్ దాన్ని వర్ణించినప్పుడు, అది దొరికిన చోటుగా రాసింది కడప, నెల్లూరుల మధ్య కొండలు. జాతి పేరు ఎలియటీ. మద్రాసు ప్రభుత్వ ఉద్యోగి వాల్టర్ ఎలియట్ పేరు మీద పెట్టింది. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలు తీయించిన ఎలియట్ ఈయనే. ఆ శిల్పాలు ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి. మన కొండ జంతువు కూడా పేరు అక్కడే పెట్టించుకుంది. 1913లో లయన్ దాన్ని అనథానా అనే సొంత ప్రజాతిలోకి మార్చాడు. ఆ మాట తమిళుల 'మూంగిల్ అణత్తాన్' నుంచి వచ్చింది. వెదురు ఉడత అని అర్థం.

చూపుకు అది ఉడతే. కుచ్చుతోక, పగటి సంచారం. పేరులో చుంచు. పుర్రె మాత్రం రెండింటినీ కాదంటుంది. ఉడత నోట్లో పళ్ళు 22, ముందు పళ్ళ వెనక ఖాళీ. దీని నోట్లో 38, కోరపళ్ళతో సహా. చుంచుకు లేని చెంప ఎముక దీనికి ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కంటి గుంట చుట్టూ ఎముక పూర్తి వలయంగా మూసుకుని ఉంటుంది, కోతికి, మనకు ఉన్నట్టే. ఆ పోలికలు చూసే గత శతాబ్దంలో శాస్త్రవేత్తలు దీన్ని చాలాకాలం కోతుల జట్టులో కలిపారు. ఇప్పుడు దీన్ని వేరే క్రమంగా గుర్తిస్తున్నారు. చుట్టరికంలో అది చుంచుకన్నా మనిషికే దగ్గర. తాను మొదట పేరు తెచ్చుకున్న కొండల కింద ఉన్న మనకే దాని సంగతి తెలియకపోవడం నన్ను బాధపెడుతుంది.

అపోహ 7: చుంచు కరిస్తే విషం ఎక్కుతుంది.

వాస్తవం: ఉమ్మిలో విషం ఉన్న చుంచులు లోకంలో ఉన్నాయి, ఉత్తర అమెరికాలోని పొట్టితోక చుంచులాంటివి. మన ఇంటి చుంచుకు విషం ఉన్నట్టు ఎక్కడా నమోదు కాలేదు. దాని పళ్ళల్లో పాముకు ఉన్నట్టు విషం దిగే గొట్టాలు లేవు. అయినా ఏ అడవి జంతువు కరిచినా సబ్బుతో బాగా కడిగి డాక్టర్‌కు చూపించుకోవాలి. చుంచులు ఎలుకజ్వరం సూక్ష్మజీవులను, ప్లేగును అంటించే ఫ్లీ పురుగులను మోయగలవు. 1964లో వెల్లూరు దగ్గర పట్టిన ఒక ఇంటి చుంచు నుంచే తొట్టపాళయం వైరస్‌ను వేరు చేశారు. హాంటావైరస్ కుటుంబంలో మొట్టమొదట చిక్కింది అదే. కాబట్టి చేత్తో పట్టుకోవద్దు, చంపనూ వద్దు. తలుపు తీస్తే దాని దారిన అది పోతుంది.

అపోహ 8: పుర్రె చూడాలంటే జంతువును చంపక తప్పదు.

వాస్తవం: ఆ పని గుడ్లగూబ ఎప్పుడో చేసిపెట్టింది. అది ఎరను నమలకుండా మింగి, అరగని వెంట్రుకలు, ఎముకలు ఉండలా చుట్టి నోటితో కక్కుతుంది. పాత గుడి గోపురాల కింద, పాడుబడిన బంగళాల్లో, పెద్ద చింతచెట్ల కింద ఆ నల్లటి ఉండలు దొరుకుతాయి. అవి చేతబడి ముద్దలు కావు, రెట్టలూ కావు. లోపల ఎలుక, చుంచు పుర్రెలు చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటాయి.

చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఉండను గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పట్టకారుతో విడదీయండి. పుర్రెను పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా కడిగి ఆరబెట్టండి. పలక మీద పెట్టి పక్కనే స్కేలు ఉంచి, పైనుంచి, పక్క నుంచి, కింది నుంచి ఫొటోలు తీయండి. చెంప ఎముక ఉందా? పళ్ళ మధ్య ఖాళీ ఉందా? ముందు పన్ను ఉలా, కొక్కెమా? ఒంటిమొన పళ్ళు ఎన్ని? ఊరు, తేదీ రాసిపెట్టండి. తేదీ, చోటు లేని పుర్రె శాస్త్రానికి పనికిరాదు. అనుమానం ఉంటే దగ్గర్లోని కాలేజీ జంతుశాస్త్ర అధ్యాపకులకో, జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా హైదరాబాద్ కేంద్రానికో చూపించండి. నల్లమల పులుల అభయారణ్యం లోపల మాత్రం అనుమతి లేకుండా ఏదీ ఏరవద్దు. చట్టం ఒప్పుకోదు.

ఈ రాత్రి గోడవారగా కిచకిచ వినిపిస్తే చీపురు అందుకునే ముందు దాని నోట్లోని ఆ ముప్పై పళ్ళను గుర్తు తెచ్చుకోండి. అవి మన గింజల కోసం పుట్టలేదు. మన బొద్దింకల కోసం పుట్టాయి.