గాయం మానినా భయం మానదు

దూలపల్లిలో మా వాడకట్టుకు చెందిన ఒక అక్క ఏడాది కింద అత్తగారింటి నుండి తల్లిగారింటికి వచ్చేసింది. మొగుడి దెబ్బలు తప్పాయి. "ఇంకేం, బతికిపోయింది" అనుకున్నాం అందరమూ. కాని ఎవరైనా తలుపు కాస్త గట్టిగా తడితే చాలు, ఉలిక్కిపడి చేతిలోని గిన్నె జారవిడిచేది. ఒకనాడు మా అమ్మతో, "ఇల్లయితే మారింది గాని భయం పోలే పెద్దమ్మా" అన్నది.

ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. ఎప్పుడు దెబ్బ పడుతుందో తెలియక ఏండ్ల తరబడి బతికిన మనిషి శరీరం కాపలా కాయడం అలవాటు చేసుకుంటుంది. ప్రమాదం దాటిపోయిందని దానికి వెంటనే తెలియదు. అందుకే నిద్ర పట్టదు, చిన్న చప్పుడుకే గుండె అదురుతుంది, పాత సంగతి మళ్ళీ కళ్ళముందే జరుగుతున్నట్టు తోస్తుంది. దీనిని పిచ్చి అనడం, గాలి సోకిందని తాయెత్తు కట్టించడం మన అజ్ఞానం. ఇది చికిత్స ఉన్న గాయం.

చట్టం కూడా ఈ వేదనను గుర్తించింది. 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్న గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, తిట్టి కించపరచడాన్నీ, ఖర్చులకు డబ్బివ్వకుండా మాడ్చడాన్నీ హింసగానే లెక్కించింది. మనోవేదనకు నష్టపరిహారం కోరే అవకాశాన్ని 22వ సెక్షన్ కల్పించింది.

మరి సహాయం ఎక్కడ? 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. 2015లో మొదలైన పథకం కింద ఏర్పడిన సఖి కేంద్రాల్లో కౌన్సెలింగు, వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, కొద్ది రోజుల ఆశ్రయం ఒక్కచోటే దొరుకుతాయి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోను చేసి, పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే గోడు చెప్పుకోవచ్చు.

అయితే ఒక్క మాట. పెద్దమనుషుల పంచాయితీ వేరు, కౌన్సెలింగు వేరు. "సర్దుకుపో బిడ్డా" అనడంతో పంచాయితీ ముగుస్తుంది. ఆమె మాట నమ్మి వినడంతో కౌన్సెలింగు మొదలవుతుంది. ఏం చేయాలన్న నిర్ణయాన్ని ఆమె చేతికే తిరిగి ఇస్తుంది. ఇన్నేండ్లు ఆమె నుండి లాక్కున్నది దానినే కదా!

మా అమ్మ ఇప్పుడు ఆ ఇంటి తలుపు తట్టదు. "నేనే బిడ్డా" అని బయటినుండే పిలిచి, జవాబు వచ్చాకనే గడప దాటుతుంది.

మిత్రులారా, మనం డాక్టర్లం కాకపోవచ్చు. కాని "ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావు?" అని అడగకుండా ఉండగలం. ఆమె చెప్పింది నలుగురిలో చాటకుండా ఉండగలం. రమ్మంటే సఖి కేంద్రం దాకా తోడు వెళ్ళగలం. చదువుకున్నందుకు ఇంతమాత్రం చేయలేమా?