కంటి అంచున ఆకుమడి

కంటి నల్లగుడ్డును అద్దంలా కప్పి ఉంచే పారదర్శకమైన పొరను వైద్యులు కార్నియా అంటారు. దాని పైతొడుగులోని కణాలు నిత్యం అరిగి రాలిపోతుంటాయి కనుక, ఆ స్థానంలోకి కొత్తవి ఎడతెగక వస్తూనే ఉండాలి. అవి పుట్టే చోటు నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ నడుమనున్న సన్నని వలయం. లింబస్ అనే ఆ వలయంలో మూలకణాలు, అంటే తాము తరిగిపోకుండానే కొత్త కణాలను కనగలిగినవి, దాగి ఉంటాయి. గౌతమి ఒడ్డున వాడపల్లి చుట్టుపక్కల రైతుల మాటలో చెప్పాలంటే అది కంటికి ఆకుమడి, అంటే నారు పోసే మడి.

ఆ మడిని మాడ్చే వస్తువుల్లో తాంబూలపు సున్నం ఒకటి. దాన్ని నింపి అమ్మే మెత్తని పొట్లాన్ని పిల్లలు గట్టిగా నొక్కితే అది చిట్లి సున్నం నేరుగా కంట్లో పడుతుంది. ఆమ్లం తగిలినచోట మాంసకృత్తులు గడ్డకట్టి కొంత అడ్డు నిలుస్తాయి గాని, క్షారమైన సున్నం కణాల కొవ్వును కరిగించుకుంటూ లోలోపలికి దిగుతుంది, పైగా దాని పలుకులు రెప్ప కింద అతుక్కుని కాలుస్తూనే ఉంటాయి. అందుకే ఆకు పసర్ల జోలికి పోకుండా, ఆ క్షణం నుంచే మంచినీళ్ళతో అరగంట సేపు కడుగుతూ ఆసుపత్రికి చేర్చాలి. లింబస్ చచ్చిపోతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకి చూపును మూసేస్తుంది. దాత కార్నియాను మాత్రమే తెచ్చి అతికించినా, దాని పైకణాలు రాలిపోయాక కొత్తవాటిని ఇచ్చే మడి లేనందున అదీ నిలవదు.

1997లో ఇటలీ శాస్త్రవేత్తలు రోగి మంచి కంటి లింబస్ కణాలను ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న కంటిపై నాటి చూపారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో వీరేందర్ సంగ్వాన్, గీతా వేముగంటి ఆ విధానాన్ని 2001లో చేపట్టగా, 200 మంది రోగుల్లో 71 శాతం మందికి అది ఫలించిందని 2011లో వెల్లడైంది. అయితే కణాలు పెంచే ప్రయోగశాల ఖర్చుతో కూడినది, అన్ని ఊళ్ళలో సాధ్యమయ్యేదీ కాదు.

ఆకు పోసి ఊడ్చే బదులు చేలోనే వెదజల్లవచ్చు కదా అన్నట్టుగా, 2010లో ఆ సంస్థే ప్రయోగశాలను పక్కనపెట్టింది. ఎస్.ఎల్.ఇ.టి. అనే ఈ పద్ధతిలో మంచి కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిది, పది తునకలు చేస్తారు. చెడిన కంటిపై పాకిన పొరను ఒలిచి, అక్కడ కాన్పులో దొరికే ఉమ్మనీటి సంచి పొరను జిగురుతో పరిచి, దానిపై తునకలను చూపు మధ్యభాగం వదిలి గుండ్రంగా పేర్చి, పైన మెత్తని కాంటాక్ట్ లెన్సు పెడతారు. ప్రతి తునక చుట్టూ కణాలు వ్యాపించి, ఒకదానితో ఒకటి కలిసి, కొన్ని వారాల్లో కొత్త తొడుగు ఏర్పడుతుంది. ఇంత పెద్ద చిక్కు ఇంత చిన్న ఉపాయానికి లొంగడమే ఆశ్చర్యం. 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 125 మందిలో 76 శాతం మందికి ఇది నిలిచింది.

కార్నియా లోపలి మచ్చను మాత్రం ఈ చికిత్స చెరపలేదు. అలాంటివారికి ఉపరితలం కుదుటపడ్డాక కార్నియా మార్పిడి విడిగా చేయవలసి వస్తుంది. రెండు కళ్ళూ కాలినవారికైతే తీసుకోవడానికి సొంత మడే ఉండదు. దగ్గరి బంధువు నుంచో, మరణానంతర దాత నుంచో కణాలు తెచ్చి నాటినా, శరీరం వాటిని పరాయివిగా ఎంచి తోసివేయకుండా దీర్ఘకాలం మందులు వాడాలి.