గాలి తగ్గిస్తే... పట్టు పెరుగుతుంది!

లక్షలు పోసి బైకు కొంటారు. హెల్మెట్‌, జాకెట్‌, బూట్లు... అన్నీ సిద్ధం. లద్దాఖ్‌కో, స్పితి లోయకో, కనీసం మారేడుమిల్లి అడవికో బయల్దేరతారు. తీరా మట్టిదారి మొదలయ్యేసరికి బండి జారడం మొదలెడుతుంది. లోపం ఎక్కడుందీ అంటే... టైరు నేలను తాకే అరచేయంత జాగాలో!

తారురోడ్డు మీదా మట్టిదారిలోనూ నడిచేలా తయారైనవే డ్యూయల్‌ స్పోర్ట్‌ బైకులు. మనదేశంలో 2011లో వచ్చిన హీరో ఇంపల్స్‌తో వీటి సందడి మొదలైంది. 2016లో రాయల్‌ ఎన్‌ఫీల్డ్‌ హిమాలయన్‌, 2019లో హీరో ఎక్స్‌పల్స్‌ 200 వచ్చాక కుర్రకారుకి మోజు పెరిగింది. ఈ రెండింటికీ ముందు చక్రం 21 అంగుళాలు. గుంతలూ రాళ్లూ తేలిగ్గా ఎక్కి దిగడానికే అంత పెద్దది. అయితే చక్రం ఎంత పెద్దదైనా టైరును దారికి తగ్గట్టు సిద్ధం చేయకపోతే ఫలితం శూన్యం.

ఎంత తగ్గించాలి?

ఇలాంటి బైకులకు తారురోడ్డు మీద సాధారణంగా ముందు 25, వెనక 30 పీఎస్‌ఐ చుట్టుపక్కల గాలి ఉంటుంది. అదే గాలితో కంకర మీదికి వెళితే గట్టిపడిన టైరు రాయి రాయికీ ఎగిరిపడుతుంది. గాలి కాస్త తీస్తే టైరు మెత్తబడి నేలకు పొడవుగా ఆనుకుంటుంది. రాయిని తోసేయకుండా తనలో ఇముడ్చుకుంటుంది. మట్టి, కంకర దారుల్లో 18 నుంచి 22 దాకా, ఇసుకలో 15 వరకూ దించుతారు. గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడే. పరుగెత్తి వేడెక్కిన టైరు ఎక్కువ చూపిస్తుంది.

పెద్ద పెద్ద రాళ్లున్న చోట మాత్రం మరీ తగ్గించకూడదు. రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగిపోతుంది. విప్పి చూస్తే పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు!

వాల్వు చెప్పే కబురు

గాలి తక్కువున్నప్పుడు టైరు రిమ్ము మీద జరగొచ్చు. దాంతోపాటే ట్యూబూ జరుగుతుంది. అందుకే వాల్వు నట్టును రిమ్ముకు బిగించకుండా పైనున్న మూత దాకా తిప్పి ఉంచుతారు. వాల్వు పక్కకు వాలిందంటే ట్యూబు జరిగినట్టే. వెంటనే సరిచేయకపోతే వాల్వు మొదట్లో చిరుగుతుంది. ఇంకా తక్కువ గాలితో వెళ్లేవారు టైరును రిమ్ముకు అదిమిపట్టే రిమ్‌ లాక్‌ బిగించుకుంటారు.

కొత్త టైరు వేయించేటప్పుడూ కొన్ని చూసుకోవాలి. టైరు పక్కనుండే బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉండాలి. లోపల కాస్త టాల్కం పౌడర్‌ చల్లితే ట్యూబు మడతపడదు. గుబ్బలు పెద్దగా ఉన్న టైరు మట్టిలో బాగా పట్టినా, తడి తారు మీద అంత పట్టు ఉండదు. త్వరగా అరిగిపోతుంది కూడా. కాబట్టి ఎక్కువగా ఏ దారిలో తిరుగుతారో చూసి ఎంచుకోవాలి. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది. అది పోయేదాకా, అంటే మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లాలి.

కొండ మీద మరో లెక్క

5 వేల మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి బయటి గాలి ఒత్తిడి దాదాపు సగమవుతుంది. దాంతో టైరులో ఒత్తిడి మీటరు మీద 7 పీఎస్‌ఐ వరకూ ఎక్కువ కనిపించొచ్చు. చలికి కొంత తగ్గుతుంది కూడా. కింద నింపిందే చాలనుకోకుండా పైన మళ్లీ కొలవాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం... మట్టిదారి దాటగానే తిరిగి గాలి నింపడం. మెత్తటి టైరుతో తారురోడ్డు మీద వేగంగా వెళితే టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి. మలుపుల్లో బండి ఊగుతుంది, టైరు పగిలే ప్రమాదమూ ఉంది. గాలి తీయడం తెలిసినవాళ్లు నింపడం మర్చిపోవడమే అసలు చిక్కు. సంచిలో గాలి మీటరు, చిన్న పంపు, టైరు లీవర్లు, అదనపు ట్యూబు... ఈ నాలుగూ ఉంటే కంగారు ఉండదు.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో బైకు మీద కొండలకు బయల్దేరితే, స్వెట్టర్‌ సంగతి ఎలాగూ అడుగుతారుగా... గాలి మీటరు, పంపు పెట్టుకున్నారో లేదో కూడా అడగండి!