ప్యాచ్ ఎప్పుడొస్తుంది?

హాస్టల్‌లో మా పక్క రూమ్ వాడు ఒక గేమ్ కొన్నాడు. సేల్ వచ్చేదాకా ఆగకుండా ఫుల్ రేటుకి, రెండు నెలలు క్యాంటీన్‌ వైపు చూడకుండా మిగిల్చిన డబ్బుతో. గేమ్ పేరు చెప్పను, వాడి పేరు అసలే చెప్పను. మూడో మిషన్‌లో ఒక లిఫ్ట్ ఉంది. దాంట్లో అడుగు పెట్టగానే గేమ్ క్రాష్. మళ్ళీ ఓపెన్ చేస్తే మళ్ళీ అదే లిఫ్ట్, మళ్ళీ క్రాష్. సపోర్ట్‌కి మెయిల్ పెడితే "మీ సమస్య మా దృష్టికి వచ్చింది" అని నిమిషంలో జవాబొచ్చింది. అది మెషీన్ పంపిన జవాబని వాడికీ తెలుసు. ఆ తర్వాత మూడు వారాలు చప్పుడు లేదు. రోజూ రాత్రి మెస్ నుంచి రాగానే వాడు చేసే మొదటి పని, అప్‌డేట్ ఏమైనా వచ్చిందా అని చూడటం.

ఒకరోజు అడిగాను, "సాఫ్ట్‌వేర్ అన్నాక బగ్ ఉంటుంది కదరా, ఇంత కోపం ఎందుకు?" అని.

"బగ్ ఉంటే ఉండనీ. ఉందని చెప్పొచ్చు కదా. తప్పు నా లాప్‌టాప్‌దేమో అని రెండుసార్లు విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకున్నా" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో తర్వాత చెప్తా.

ముందు ప్యాచ్ అంటే ఏంటో చూద్దాం. స్కూల్ ప్యాంటు మోకాలి దగ్గర చిరిగితే అమ్మ లోపలి నుంచి గుడ్డముక్క పెట్టి కుట్టేది చూడండి, అదే. అతుకు. పంచ్ కార్డులు, పేపర్ టేపుల కాలంలో తప్పుగా పడ్డ రంధ్రం మీద నిజంగానే కాగితం ముక్క అతికించేవాళ్ళు. ఇప్పుడు కాగితం లేదు, పేరు మాత్రం మిగిలింది. కార్ట్రిడ్జ్‌ల రోజుల్లో గేమ్ ఒకసారి షాపుకి వెళ్ళిందంటే ఇంక అంతే, అతుకు వేసే దారి లేదు. నెట్ వచ్చాక ముందు అమ్మేసి తర్వాత కుట్టుకోవచ్చనే ధైర్యం వచ్చింది. దాంతో డబ్బు కట్టి, చిరిగిన ప్యాంటుతో ఎదురుచూసే మనిషి ఒకడు తయారయ్యాడు. అతనికి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది మన సిలబస్‌లో ఏ యూనిట్‌లోనూ లేదు.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ నో మ్యాన్స్ స్కై. ఇంగ్లండ్‌లో హలో గేమ్స్ అనే చిన్న కంపెనీ చేసింది. 2016 ఆగస్టులో వచ్చింది. లెక్కలేనన్ని గ్రహాలు, ఎక్కడికైనా వెళ్ళొచ్చు అన్నారు. విడుదలకి ముందు ఆ కంపెనీ పెద్ద షాన్ మర్రే ఇంటర్వ్యూల మీద ఇంటర్వ్యూలు ఇచ్చాడు. వేరే ఆటగాళ్ళు మీకు కనిపించే అవకాశం ఉందన్నట్టు మాట్లాడాడు. విడుదలైన మొదటి రోజుల్లోనే ఇద్దరు ఆటగాళ్ళు కష్టపడి ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరారు. ఒకరికొకరు కనపడలేదు. అదంతా లైవ్‌లో జనం చూశారు.

ఆ తర్వాత చిన్న చిన్న ప్యాచ్‌లు వచ్చాయి కానీ మాట రాలేదు. అంతవరకు ఆగకుండా మాట్లాడిన మనిషి ఆగస్టు నెల మధ్యలో ఆగిపోయాడు. బ్రిటన్‌లో ప్రకటనల నియంత్రణ సంస్థ దాకా ఫిర్యాదులు వెళ్ళాయి (విచారించి, ప్రకటనల్లో మోసం లేదని నవంబర్‌లో తేల్చారు). నవంబర్ చివర్లో ఫౌండేషన్ అనే పెద్ద అప్‌డేట్ వచ్చింది. అంటే ఆ మూడు నెలలూ లోపల పని జరుగుతూనే ఉంది! బయట జనం మాత్రం డబ్బు తీసుకుని పారిపోయారనే అనుకున్నారు. 2018లో అసలైన మల్టీప్లేయర్ వచ్చింది. అప్‌డేట్లన్నీ ఉచితం. ఒకప్పుడు స్టీమ్‌లో తిట్లతో నిండిపోయిన ఆ గేమ్‌కి 2024 నవంబర్‌లో మొత్తం రివ్యూల మీద "వెరీ పాజిటివ్" గుర్తింపు వచ్చింది.

ఈ కథ చెప్పి చాలామంది "చూశారా, మాట్లాడకుండా పని చేస్తే చాలు" అంటారు. నేను ఒప్పుకోను. పని చేసింది కాబట్టి గెలిచింది, నిజమే. మౌనం వల్ల గెలవలేదు, మౌనం ఉన్నా గెలిచింది. అదే మూడు నెలలు నోరు మూసుకుని చివరికి ఏమీ ఇవ్వని కంపెనీ కూడా బయటి నుంచి చూస్తే అచ్చం అలాగే కనిపిస్తుంది. డబ్బు కట్టినవాడు తేడా ఎలా పట్టాలి?

అయితే డెవలపర్లు కావాలని ఏడిపిస్తారా అంటే, కాదు. వాళ్ళ కుర్చీలో కూర్చుని చూడండి. ఒక బగ్ రిపోర్ట్ వస్తుంది, "లిఫ్ట్‌లో క్రాష్" అని. వాళ్ళ మెషీన్‌లో లిఫ్ట్ బాగానే పనిచేస్తుంది. అది ఏ గ్రాఫిక్స్ కార్డులో, ఏ డ్రైవర్‌తో, ఏ సేవ్ ఫైల్‌తో వస్తోందో తెలిసేదాకా సరిచేయడం మాట అటుంచి, బగ్‌ని కళ్ళతో చూడటమే కుదరదు. సరిచేశాక అది ఇంకోటి చెడగొట్టలేదని పరీక్షించాలి. కన్సోల్ గేమ్ అయితే ప్యాచ్‌ని సోనీకో మైక్రోసాఫ్ట్‌కో పంపి, వాళ్ళు చూసి సరే అనేదాకా ఆగాలి. ఇంత తెలిసినవాడు "శుక్రవారం వస్తుంది" అని ఎలా రాస్తాడు? పోనీ రాద్దామన్నా, మనతో మాట్లాడే ఉద్యోగి వేరు, కోడ్ రాసే ఉద్యోగి వేరు. మధ్యలో పబ్లిషర్, లీగల్, మార్కెటింగ్. వాక్యం వాళ్ళందరి చేతులూ దాటి వచ్చేసరికి "మీ సమస్య మా దృష్టికి వచ్చింది" అయిపోతుంది.

తేదీ చెప్తే ఏమవుతుందో సైబర్‌పంక్ 2077 చూపించింది. 2020 డిసెంబర్ 10న విడుదల. పాత కన్సోల్స్‌లో ఎంత ఘోరంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది. జనవరిలో కంపెనీ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ వీడియోలో క్షమాపణ చెప్పి, పది రోజుల్లో ఒక ప్యాచ్, ఆ తర్వాతి వారాల్లో ఇంకా పెద్దది అన్నాడు. మొదటిది చెప్పినట్టే వచ్చింది. వస్తూ కొత్త బగ్‌ని వెంట తెచ్చింది. కథలో టకెమురా అనే ఆయన మనకి ఫోన్ చేయాలి. చేస్తాడు, ఏమీ మాట్లాడడు! అక్కడితో కథ ఆగిపోతుంది. ప్యాచ్ కోసం ఎదురుచూసిన వాళ్ళకి ఫోన్ చేసి మౌనంగా ఉండే మనిషి దొరికాడన్నమాట. కంపెనీని ఎంత తిట్టినా, ఇక్కడ మాత్రం వాళ్ళు పద్ధతిగా చేశారు. బగ్ ఉందని ఒప్పుకుని, పాత సేవ్ లోడ్ చేసి ఎలా దాటాలో వెంటనే చెప్పారు, కొద్దిరోజుల్లో సరిచేశారు. పెద్ద ప్యాచ్ మాత్రం ఆలస్యమైంది. ఫిబ్రవరిలో వాళ్ళ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. అది కూడా బయటికి చెప్పి, మార్చి రెండో సగానికి వాయిదా వేశారు. మార్చి 29న ఇచ్చారు.

ఇప్పుడు నా సంగతి. పోయినసారి టెక్‌ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైట్ మేం ముగ్గురం చేశాం. శుక్రవారం రాత్రి ఒక గడబిడ మొదలైంది. డబ్బు కట్ అవుతోంది కానీ పాస్ రావట్లేదు. పేమెంట్ అయ్యాక మా సర్వర్‌కి వచ్చే కబురుని మా కోడ్ సరిగ్గా అందుకోవట్లేదు. లాగ్స్‌లో అందరి ట్రాన్సాక్షన్లూ కనిపిస్తున్నాయి, ఎవరి డబ్బూ పోలేదు. కాబట్టి ముందు సరిచేద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాం. వాట్సాప్ గ్రూప్‌లో "అన్నా పాస్ రాలేదు", "అన్నా నా నూట యాభై" అని వస్తూనే ఉన్నాయి. నేను మ్యూట్‌లో పెట్టాను. నిజం చెప్పాలంటే పని కోసం కాదు, సిగ్గుతో.

ఆదివారం మధ్యాహ్నానికి సరైంది. అప్పుడు లిస్ట్ తీస్తే, ఫస్టియర్ అమ్మాయి ఒకరు మూడుసార్లు కట్టి ఉన్నారు. మొదటిది ఫెయిల్ అయిందనుకుని రెండోది, అదీ ఫెయిల్ అనుకుని మూడోది. నాలుగువందల యాభై రూపాయలు. ఆ వారం బస్ పాస్‌కి ఇంట్లోవాళ్ళు పంపిన డబ్బట. రీఫండ్ తనకి చేరడానికి ఇంకో వారం పట్టింది. "మళ్ళీ కట్టకండి, మీ డబ్బు లెక్కలో ఉంది" అని శుక్రవారం రాత్రే పెట్టి ఉంటే సరిపోయేది. బగ్ కారణం తెలియక్కర్లేదు, తేదీ తెలియక్కర్లేదు. పది సెకన్ల పని. నా కోడ్ వల్ల తను పోగొట్టుకున్నది ఒక పాస్. మిగతా మూడువందలూ, ఆ వారం రోజులూ నా నోరు మూసుకోవడం వల్లే.

పక్క రూమ్ వాడి విండోస్ మాట ఎందుకు గుచ్చుకుందో ఇప్పుడు అర్థమైంది కదా. మనం ఏమీ చెప్పకపోతే అవతలివాళ్ళు ఖాళీగా కూర్చోరు. వాళ్ళకి తోచింది చేస్తారు, చాలాసార్లు వాళ్ళకే నష్టమయ్యేది.

తేదీ లేకుండా ఎంత చెప్పొచ్చో నేర్చుకోవాలంటే ఫైనల్ ఫాంటసీ 14 చూడాలి. 2010లో మొదటిసారి వచ్చినప్పుడు ఘోరంగా ఫెయిలై, కొత్త ప్రొడ్యూసర్ నావోకి యోషిదా చేతిలో 2013లో మళ్ళీ పుట్టిన గేమ్ అది. మధ్యలో ఆయన ఆటగాళ్ళకి ఉత్తరాలు రాస్తూ వచ్చాడు. 2021 డిసెంబర్‌లో ఎండ్‌వాకర్ విడుదలైనప్పుడు జనం ఎగబడ్డారు. గంటల తరబడి క్యూ, క్యూలో ఉండగానే ఎర్రర్ 2002. యోషిదా ఏం చేశాడంటే, ఆ ఎర్రర్ ఎందుకొస్తుందో విడమర్చి రాశాడు. ఒక డేటా సెంటర్ క్యూలో 17,000 మంది దాటితే లాగిన్ సర్వర్ కూలిపోకుండా కొత్తవాళ్ళని తిప్పి పంపేస్తుంది, కనెక్షన్ తెగినా అదే నంబర్ కనిపిస్తుంది అని. మన ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాస్‌లో చెప్పాల్సిన పాఠం! కొత్త సర్వర్లు ఎందుకు కొనలేకపోతున్నారో కూడా చెప్పాడు, ప్రపంచమంతా చిప్‌ల కొరత. చందాదారులకి ముందు ఏడు రోజులు, తర్వాత ఇంకో పద్నాలుగు రోజులు ఉచితంగా కలిపారు. ఆ పైన గేమ్ అమ్మకమే కొన్నాళ్ళు ఆపేశారు. క్యూ మాత్రం వెంటనే తగ్గలేదు. అయినా ఆడేవాడికి తన నెట్ కనెక్షన్‌ని అనుమానించే పని తప్పింది.

ఇంకో నష్టం కూడా ఉంది, దాన్ని సీఎస్ వాళ్ళు ఎక్కువ గమనించాలి. జీటీఏ ఆన్‌లైన్ పీసీలో లోడ్ అవడానికి చాలామందికి నిమిషాలు పట్టేది, ఏళ్ళ తరబడి. 2021 ఫిబ్రవరి చివర్లో బయటి ప్రోగ్రామర్ ఒకతను, సోర్స్ కోడ్ లేకుండానే తవ్వి కారణం పట్టుకున్నాడు. 10 మెగాబైట్ల జేసన్ ఫైల్‌ని చదువుతూ, ఒక్కో విలువకీ మిగిలిన స్ట్రింగ్ పొడవంతా మళ్ళీ కొలుస్తోంది. పైగా దాదాపు 63,000 వస్తువుల్లో ప్రతిదాన్నీ అంతకుముందు ఉన్నవాటన్నిటితో పోల్చి చూస్తోంది. హ్యాష్ మ్యాప్ వాడాల్సిన చోట లూప్. మన ల్యాబ్‌లో అయితే మార్కులు కోసేవాళ్ళు. అతను చేసిన మార్పుతో ఆరు నిమిషాలు రెండు నిమిషాల లోపుకి వచ్చింది. రాక్‌స్టార్ ఒప్పుకుని, మార్చిలో ప్యాచ్ ఇచ్చి, అతనికి 10,000 డాలర్లు ఇచ్చింది. "లోడింగ్ నెమ్మదిగా ఉంది, ఈ వివరాలు పంపండి" అని కంపెనీయే ముందు అడిగి ఉంటే ఎంతమంది ఎన్ని గంటలు మిగిలేవో.

మా పక్క రూమ్ వాడి ప్యాచ్ ముప్పై ఒకటో రోజున వచ్చింది. ప్యాచ్ నోట్స్ ఒక్కటే లైను: "చిన్న చిన్న బగ్స్ సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం." లిఫ్ట్ గురించి ఒక్క మాట లేదు. పోయిందో లేదో తెలియాలంటే ఎక్కి చూడాల్సిందే. మేం నలుగురం వాడి కుర్చీ వెనక నిలబడ్డాం. లిఫ్ట్ తలుపు మూసుకుంది, కదిలింది, పైన తెరుచుకుంది. మేమంతా అరిచాం. వాడు మాత్రం కీబోర్డ్ వైపు చూస్తున్నాడు. నెల దాటింది కదా, గన్ రీలోడ్ చేసే బటన్ ఏదో మర్చిపోయాడు.