పెళ్లంటే ఏమిటో నోట్సు రాసుకుని మరీ పాటలు కట్టాడు!

న్యూయార్క్ బ్రాడ్‌వే సంగీత నాటకాల్లో ఈ కాలపు ప్రేమకు పాట కట్టిన మొనగాడెవరంటే ముందుగా వినిపించే పేరు స్టీఫెన్ సోండ్‌హైమ్ (1930–2021). పాటా ఆయనదే, బాణీ ఆయనదే. 80 ఏళ్లు నిండాక తన పాటలన్నీ ముందేసుకుని, ఎక్కడ గెలిచాడో ఎక్కడ తప్పాడో తేల్చుకుంటూ 2010లో ఒకటి, 2011లో ఒకటి లావుపాటి పుస్తకాలు రాశాడు. ఆ పాటల వెనక విశేషాలు వింటే నోరెళ్లబెడతారు. సిద్ధమేనా?

మీకు తెలుసా? సంసారాల మీద అమెరికాలో పేరు మోసిన మ్యూజికల్ (సంగీత నాటకం) 'కంపెనీ' రాసేనాటికి ఆయన బ్రహ్మచారి! పెళ్లంటే ఏమిటో తెలియక, స్నేహితురాలు, స్వరకర్త మేరీ రోడ్జర్స్‌ను కూర్చోబెట్టి అడిగాడు. ఆమె చెబుతుంటే కాగితాల మీద నోట్సు రాసుకున్నాడు. అప్పటికి ఆమెకు రెండు పెళ్లిళ్ల అనుభవం. అంటే రెండింతల సిలబస్!

1970లో వచ్చిన ఆ 'కంపెనీ'కి వరస కథే లేదని మీకు తెలుసా? బాబీ అనే ఒంటరి న్యూయార్క్ కుర్రాడికి 35వ పుట్టినరోజు. చుట్టూ 5 జంటలు, 3 ప్రియురాళ్లు. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో ఎవరూ చెప్పరు. అయినా బ్రాడ్‌వేలో 700కు పైగా ప్రదర్శనలు ఆడింది. కథ లేదు గానీ కాసులు మాత్రం గలగలా!

అసలది మ్యూజికల్‌గా పుట్టనే లేదు, తెలుసా? నటుడు జార్జ్ ఫర్త్ నటి కిమ్ స్టాన్లీ కోసం కొన్ని చిన్న నాటికలు రాసుకున్నాడు. అవి అటకెక్కే దశలో సోండ్‌హైమ్ సలహా అడిగాడు. సోండ్‌హైమ్ వాటిని దర్శకుడు హెరాల్డ్ ప్రిన్స్‌కు చూపించాడు. చదివిన ప్రిన్స్ వీటిని మ్యూజికల్ చేద్దామన్నాడు. అడిగింది సలహా, దొరికింది చరిత్ర!

ఫోన్ ఎంగేజ్‌డ్ వస్తే మనకు చిరాకు. ఆయన బృందానికి అది సంగీతం! 'కంపెనీ' మొదలయ్యేది ఆ టోన్ లయతోనే. మహానగరంలో అందరూ బిజీ, ఎవరికీ ఎవరూ దొరకరు. నాటకం సారమంతా ఒక్క 'కుయ్ కుయ్'లో చెప్పేశారు. భలే!

రంగస్థలం మీద నిజంగా కదిలే లిఫ్టులు పెట్టారని తెలుసా? సెట్ వేసింది బోరిస్ అరాన్సన్. ఉక్కు, గాజు, అంతస్తుల మీద అంతస్తులు. జంటలన్నీ ఎవరి అపార్ట్‌మెంట్లో వారు. ప్రేమకథ కోసం వెన్నెల, పూలతోట వెతికిన వాళ్లకు ఎదురైంది లిఫ్టు తలుపు!

మొగుళ్లను నిలబెట్టి 'పెళ్లి చేసుకున్నందుకు బాధపడుతున్నారా?' అని అడిగితే ఏమంటారు? 'సారీ–గ్రేట్‌ఫుల్' అనే పాటలో ఈ ప్రశ్నకు ముగ్గురు భర్తలు అవునూ అంటారు, కాదూ అంటారు. రెండూ ఒకే గుక్కలో, రెండూ నిజమే! అంతకుముందు బ్రాడ్‌వే ప్రేమపాటల్లో పొగడ్తే ఎక్కువ. ఈయన తర్జనభర్జనకు పాట కట్టాడు. హాల్లో భార్యలు భర్తల వైపు ఓరగా చూసి ఉంటారు, పందెం!

'బార్సిలోనా' పాట సంగతి మీకు తెలుసా? తెల్లవారింది. బాబీ ప్రియురాళ్లలో ఒకరైన ఎయిర్‌హోస్టెస్ విమానం ఎక్కడానికి బయల్దేరుతోంది. బాబీ మర్యాద కోసం ఉండిపొమ్మంటాడు. ఆమె వెళ్లాలంటుంది. మళ్లీ ఉండమంటాడు. మళ్లీ వెళ్లాలంటుంది. చివరికి సరే, ఉంటానంటుంది. అంతే, బాబీ గుండెలో రాయి పడుతుంది! మర్యాదకు పిలిస్తే నిజంగానే వచ్చేసిన అతిథిని చూసిన ప్రతివాడికీ ఆ బాధ తెలుసు.

బ్రాడ్‌వే నటీమణులను హడలెత్తించే పాటేదో తెలుసా? 'గెటింగ్ మ్యారీడ్ టుడే'. పెళ్లిరోజు పొద్దున పెళ్లికూతురు నాకీ పెళ్లి వద్దు బాబోయ్ అంటూ ఆపకుండా పాడుతుంది. మాట మీద మాట, ఎక్కడా ఖాళీ లేదు. పాడే ఆమెకు ఊపిరి పీల్చుకునే చోటు వెతుక్కోవడమే సగం పని. పెళ్లికి కాదు, పాటకే చెమటలు!

బాబీ చివర్లో ఏం తేల్చుకున్నాడో చెప్పే పాట కోసం సోండ్‌హైమ్ ఎన్ని పాటలు రాశాడో ఊహించండి. ఒకటి? రెండు? కాదు, 4! బోస్టన్‌లో ముందస్తు ప్రదర్శనల్లో పాడిన 'హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్' మరీ చేదుగా ఉందని తీసేసి, 'బీయింగ్ అలైవ్' పెట్టారు. ఈరోజు లోకమంతా పాడుకునేది దాన్నే. నాలుగోసారికి గానీ బాబీకి బుద్ధి రాలేదు!

తీసేసిన పాటలు చెత్తబుట్టలోకి పోయాయనుకున్నారా? అందులో ఒకటి 'మ్యారీ మీ ఎ లిటిల్'. 1980లో సోండ్‌హైమ్ నాటకాల నుంచి జారిపోయిన పాటలు కూర్చి ఆ పేరుతోనే ఒక షో వేసేశారు. తర్వాత్తర్వాత ఆ పాట మళ్లీ 'కంపెనీ'లోకే వచ్చి, మొదటి అంకం చివర కుర్చీ వేసుకుని కూర్చుంది. గెంటేసిన ఇంటికే రాజమర్యాదలతో!

ఇక ఒక రాత్రి ముచ్చట వినండి. 1970 మే నెలలో ఒక ఆదివారం 'కంపెనీ' పాటల రికార్డింగ్ మొదలైంది. పొద్దున మొదలెడితే మర్నాడు తెల్లవారుజాము దాకా సాగింది! చివర మిగిలింది నటి ఎలెయిన్ స్ట్రిచ్ పాడాల్సిన 'ది లేడీస్ హూ లంచ్'. టేక్ మీద టేక్. గొంతు బొంగురుపోయింది. తన పాట తనే విని తనను తనే తిట్టుకుంది. అద్దం అవతల గదిలో సోండ్‌హైమ్, నిర్మాత టామస్ షెపర్డ్ మొహాలు పీక్కుపోయాయి. ఎవరికీ నచ్చడం లేదు, ఎవరికీ చెప్పే ధైర్యం లేదు. ఆఖరికి వాద్యాల వరకు రికార్డు చేసుకుని ఆమెను ఇంటికి పంపారు.

తర్వాతేమైందో తెలుసా? కొన్ని రోజులకు స్ట్రిచ్ చక్కగా ముస్తాబై, నిద్ర తీరిన కళ్లతో స్టూడియోకు వచ్చింది. పాట ఎత్తుకుంది. గాజు గది దద్దరిల్లింది! ఇదంతా డాక్యుమెంటరీ దర్శకుడు డి.ఎ. పెన్నెబేకర్ కెమెరాలో పడింది. డాక్యుమెంటరీల చరిత్రలో పేరున్న ఘట్టమది. ఎనిమిది గంటల నిద్ర చేసే మేలు ఇంకెవరు చేస్తారు!

ఆ డాక్యుమెంటరీ నిజానికి ఒక టీవీ సిరీస్‌కు మొదటి భాగం. మిగతా భాగాలు? రానేలేదు! అయినా 49 ఏళ్ల తర్వాత, 2019లో, దాన్ని పేరడీ చేస్తూ టీవీలో ఒక ఎపిసోడ్ వచ్చింది. ఒక్క భాగానికే ఇంత పేరొస్తే పది తీసి ఉంటే!

మీకు తెలుసా? 'కంపెనీ'కి వచ్చిన టోనీ (బ్రాడ్‌వే రంగస్థల పురస్కారాలు) నామినేషన్లు 14. అప్పటికి అది రికార్డు. గెలిచినవి 6. విచిత్రమేమిటంటే ఆ ఏడాది సంగీతానికో బహుమతి, సాహిత్యానికో బహుమతి విడివిడిగా ఇచ్చారు. రెండూ సోండ్‌హైమ్‌కే! ఒక చేత్తో ఒకటి, ఇంకో చేత్తో ఇంకొకటి!

బాబీగా తెర తీసిన డీన్ జోన్స్ నెల రోజులకే తప్పుకున్నాడు. ఆ స్థానంలోకి వచ్చిన లారీ కెర్ట్ నటన చూసి, నియమాన్ని సడలించి మరీ టోనీకి నామినేట్ చేశారు. బదులు వచ్చినవాడికి అసలు నామినేషన్. అదృష్టమంటే అదీ!

ఈ కెర్ట్ ఎవరో తెలుసా? 1957లో 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో ప్రేమికుడి వేషం తొలిసారి కట్టినవాడే. ఆ నాటకానికి పాటలు రాసిన 27 ఏళ్ల కుర్రాడు సోండ్‌హైమ్. 13 ఏళ్లలో అదే నటుడు, అదే కవి. తొలిచూపు ప్రేమ నుంచి తేలని సందేహాల దాకా నడిచొచ్చారు!

తన హిట్ పాట తనకే నచ్చని కవిని చూశారా? 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో 'ఐ ఫీల్ ప్రెట్టీ' జనాన్ని ఊపేసింది. సోండ్‌హైమ్ మాత్రం జీవితాంతం దాని మీద మొహం చిట్లించాడు. ప్యూర్టోరికో నుంచి కొత్తగా వచ్చిన పేదింటి పిల్ల నోట అన్ని జిలుగు ప్రాసలా అని! ప్రేమలో పడ్డ పిల్ల ప్రాసలు లెక్కపెట్టుకోదు కదా. సొంత పాటకు సొంత కవే ప్రతిపక్షం!

ఆ నాటకానికి సంగీతం లెనార్డ్ బెర్న్‌స్టైన్ సమకూర్చాడు. సాహిత్యంలో తన పేరు తీసేసి, పేరంతా కుర్రాడికే ఇచ్చాడు. ఆదాయంలో వాటా కూడా ఇస్తానంటే, పేరుంటే చాలన్నాడట సోండ్‌హైమ్. తర్వాత ఆ మాట తలుచుకుని, ఎవరైనా నా నోట్లో గుడ్డ కుక్కి ఉంటే బాగుండేదని వాపోయాడు!

15 ఏళ్లప్పుడు సోండ్‌హైమ్ తాను రాసిన నాటకాన్ని ఎవరికి చూపించాడో తెలుసా? సాక్షాత్తు బ్రాడ్‌వే పాటల రచయిత ఆస్కార్ హామర్‌స్టైన్‌కు! స్నేహితుడి తండ్రి మరి. ఆయన చదివి, ఇంత చెత్త ఎప్పుడూ చదవలేదన్నాడు. కానీ ప్రతిభ లేదనలేదు. ఆ మధ్యాహ్నమే కూర్చోబెట్టి వాక్యం వాక్యం విడమరిచాడు. నీకు అనిపించింది రాయి, నాకు అనిపించింది కాదన్నాడు. ఒక్క పూటలో డిగ్రీ పూర్తి!

సోండ్‌హైమ్ సంగీత గురువు మిల్టన్ బాబిట్ లెక్కల్లో దిట్ట, ఎలక్ట్రానిక్ సంగీతంలో ఘనాపాఠి. గురుశిష్యులు కూర్చుని ఏం చదివేవారో తెలుసా? స్వరకర్త జెరోమ్ కెర్న్ ప్రేమపాటల్ని! ప్రతి స్వరం ఎందుకు అక్కడుందో విప్పి చూసేవారు. ప్రేమకూ లెక్కలుంటాయండీ!

సోండ్‌హైమ్ 1973 నాటి 'ఎ లిటిల్ నైట్ మ్యూజిక్'లో పాటలు దాదాపు అన్నీ మూడు మాత్రల లెక్కలోనే నడుస్తాయని తెలుసా? మన తిశ్ర నడక లాగా. కథలోనూ అంతే, ప్రతి జంట మధ్యా ఒక మూడో మనిషి. తాళం కూడా త్రికోణ ప్రేమే!

అందులోదే 'సెండ్ ఇన్ ది క్లౌన్స్'. రిహార్సల్స్ చివరి దశలో హడావిడిగా పుట్టింది. పాడాల్సిన నటి గ్లినిస్ జాన్స్‌ది వెండిగంట లాంటి గొంతు, కానీ స్వరం ఎక్కువసేపు నిలబడదు. అందుకని పాదాలన్నీ పొట్టిగా, ప్రశ్నల్లా రాశాడు. ఆ పొట్టి పాదాల పాటకే 1976లో ఆ ఏటి మేటి పాటగా గ్రామీ! లోపం చూసి కుట్టిన చొక్కా లోకమంతటికీ సరిపోయింది!

ఆయనదే 'ఫాలీస్' (1971)లో ఒక విరహగీతం ఉంది, 'లూజింగ్ మై మైండ్'. 1989లో గాయని లైజా మినెల్లి దాన్ని పెట్ షాప్ బాయ్స్ బృందం సమకూర్చిన డిస్కో దరువు మీద పాడితే బ్రిటన్ చార్టుల్లో 6వ స్థానానికి ఎక్కింది. విరహంతో కుమిలిపోవాల్సిన పాటకు చిందులు!

వెనక్కి నడిచే ప్రేమకథ విన్నారా? 1981 నాటి 'మెరిలీ వి రోల్ ఎలాంగ్' ముగింపు నుంచి మొదలుకు పోతుంది. అందులో 'నాట్ ఎ డే గోస్ బై' ముందు విడాకులప్పుడు వినిపిస్తుంది, తర్వాత పెళ్లప్పుడు! అదే బాణీ. ముందు చేదు, తర్వాత తీపి. పెళ్లి చూస్తుంటే కళ్లనీళ్లు తిరిగేది అక్కడే.

ఆ నాటకం ఎన్ని ప్రదర్శనలు ఆడిందో తెలుసా? 16! ఆ వెంటనే తెర దించేశారు. 2023లో మళ్లీ బ్రాడ్‌వేకు వస్తే జనం ఎగబడ్డారు, 2024లో 4 టోనీలు వచ్చాయి. పరాజయం నుంచి విజయానికి వెనక్కి కాదు, ముందుకే నడిచింది. 42 ఏళ్లు పట్టిందంతే!

గెలిచి కూడా తక్కువ రోజులు ఆడిన రికార్డూ ఆయనదే! 1994లో ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ కొట్టిన 'ప్యాషన్' 280 ప్రదర్శనలకే ముగిసింది. ఆ బహుమతి గెలిచినవాటిలో ఇంత తక్కువ ఇంకోటి లేదు. వద్దన్నా వెంటపడే ప్రేమ కథ అది. జనమే తప్పించుకున్నారు!

పాటలు ఎలా రాసేవాడో తెలుసా? సోఫాలో పడుకుని! చేతిలో బ్లాక్‌వింగ్ పెన్సిలు, ఒళ్లో పసుపు కాగితాల ప్యాడ్. కునుకొస్తే అక్కడే. రాజీ లేని పనికి హాయైన పడక!

తన పుస్తకాల్లో తోటి కవుల పాటల్ని ఉతికి ఆరేశాడు, కానీ ఒక నియమం పెట్టుకున్నాడు. చనిపోయినవాళ్లనే విమర్శిస్తాను, బతికున్నవాళ్ల జోలికి పోను అని. బతికుండగా ఆయన చేతిలో దెబ్బలు తిన్న కవి ఒక్కడే. సోండ్‌హైమ్!

2018లో లండన్ దర్శకురాలు మరియాన్ ఎలియట్ 'కంపెనీ'లో బాబీని ఆడపిల్లగా మార్చిందని తెలుసా? సోండ్‌హైమ్ మొదట నమ్మలేదు. రిహార్సల్ వీడియో చూశాక ఒప్పుకుని, 88 ఏళ్ల వయసులో పాటల్లో మాటలు మార్చిచ్చాడు. ఎయిర్‌హోస్టెస్ మగవాడయ్యాడు. పెళ్లి వద్దన్న పెళ్లికూతురు పెళ్లికొడుకయ్యాడు. 35 నిండినా పెళ్లి ఎప్పుడని ఊరంతా అడిగేది అమ్మాయినేనని ఒప్పుకోక తప్పదు!

'మ్యారేజ్ స్టోరీ' (2019) సినిమా చూశారా? విడాకుల కథ. అందులో భర్త 'కంపెనీ'లోని ఒక పాట పాడతాడు, భార్య తల్లితో, సోదరితో కలిసి ఇంకో పాట పాడుతుంది. ఇద్దరూ విడిపోతున్నారు, పాటలు మాత్రం ఒకే నాటకంలోవి!

పెళ్లి గురించి నోట్సు రాసుకున్న ఈ పెద్దమనిషి చివరికి పెళ్లి చేసుకున్నాడా? చేసుకున్నాడు! 2017లో, 87 ఏళ్ల వయసులో, తన సహచరుణ్ణి. కవి చెప్పిన సందేహాలన్నీ తీరడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి మరి!

ఇక చివరి ప్రశ్న. ఒక్క 'కంపెనీ'యే ఎన్నిసార్లు అగ్ర టోనీ గెలిచింది? మూడుసార్లు! 1971లో ఉత్తమ మ్యూజికల్, 2007లో ఉత్తమ పునఃప్రదర్శన, 2022లో ఆడ బాబీతో మళ్లీ ఉత్తమ పునఃప్రదర్శన. 2007 నాటి బృందంలో నటులే వాయిద్యాలు కూడా వాయించారు! యాభై ఏళ్లలో ఫోన్లు మారాయి, జంటలు మారాయి, బాబీయే మారిపోయాడు. 'ఉండనా, వెళ్లనా' అన్న తికమక మాత్రం చెక్కు చెదరలేదు. అది ఉన్నన్నాళ్లూ ఈ నాటకానికి టిక్కెట్లు తెగుతూనే ఉంటాయి, రాసిపెట్టుకోండి!