తవుడొక్కటే చాలదమ్మలూ

"మన వైపు తవుడుకి కొదవేముంది తాతయ్యా, షెడ్డు వేసి పందుల్ని పెడితే అదే మేపేస్తాను" అన్నావు. కొదవ లేని మాట నిజమే అమ్మలూ. తాడేపల్లిగూడెం చుట్టూ రైసుమిల్లులే. కానీ ఆ తవుడు ఎవరెవరి పొట్టలోకి పోతోందో, అక్కడ ఏం చేస్తోందో ముందు తెలుసుకుంటే పంది సంగతి తేలిగ్గా బోధపడుతుంది.

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులు చూశావుగా. వరసగా కర్రలు పాతి, వాటికి చిల్లులు పెట్టిన సంచులు కట్టి ఉంటాయి. వాటిలో ఉండేది నూనె తీసేసిన తవుడు. డీఓబీ అంటారు రైతులు. శీలావతి, బొచ్చె ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి, చక్కగా పెరుగుతాయి. తవుడు తిని చేప పెరిగినప్పుడు పంది ఎందుకు పెరగదని నీకు అనిపించడం సహజం. అయితే చేపకి సంచి బయట చెరువంతా ఉంది. నీళ్లలో కంటికి ఆనని నాచు, సూక్ష్మజీవులు బోలెడు. తవుడులో లోటు పడ్డ మాంసకృత్తులు అక్కడ దొరుకుతాయి. ఊరి చివర స్వేచ్ఛగా తిరిగిన నాటు పంది కథా అంతే. ఎరుకల కుటుంబాలు తరతరాలుగా మేపుకొచ్చిన ఆ పందులు ఇంటి దగ్గర తిన్నది కొంతే. మిగతాది చేలగట్ల మీద వానపాములు, దుంపలు, పురుగులు తవ్వుకుని తినేవి. అలా తిరిగేటప్పుడు మనుషుల మలం కూడా తిని బద్దెపురుగు తిత్తులు కండలో పెంచుకునేవి. ఆ ప్రమాదం తప్పించడానికే ఇప్పుడు షెడ్డు. షెడ్డులోకి వచ్చాక మాత్రం నువ్వు వేసిందే దాని లోకం. నువ్వు మరిచిపోయినదాన్ని అది ఎక్కడికీ వెళ్లి వెతుక్కోలేదు.

ఈ లోటు పుట్టిన రోజు నుంచే మొదలవుతుంది. పందిపిల్ల ఒక కిలో, కిలోంబావు బరువుతో పుడుతుంది. ఒంటిమీద కొవ్వు నూటికి ఒకటి రెండు పాళ్లకి మించదు. అంచేత చలికి తట్టుకోలేదు. మొదటి రోజుల్లో అది పడుకునే చోట 32 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. మన ఏలూరు ఎండల్లో పరవాలేదు గానీ, ధనుర్మాసపు రాత్రులు ఒక బల్బు వేలాడదీయక తప్పదు. ఇంకో సంగతి. మనకి తల్లి కడుపులోనే మాయ ద్వారా రోగాల్ని ఎదిరించే కణికలు కొన్ని వస్తాయి. పంది మాయ పొరలు మందం. ఆ కణికలు దాటలేవు. పిల్ల వట్టి చేతులతో పుట్టి, ముర్రుపాలలోంచి వాటిని తీసుకోవాలి. వాటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి వదిలే దారి పిల్ల పేగులో సుమారు ఒక రోజే తెరిచి ఉంటుంది. తర్వాత మూసుకుపోతుంది. కాబట్టి ఈనిన రాత్రి నువ్వు నిద్ర మానుకుని కూర్చోవాల్సిందే తల్లీ. నీరసంగా ఉన్న పిల్లని ఎత్తి ముందు చన్నుకి పట్టించు. ముందు చన్నుల్లో పాలు ఎక్కువ. రెండు మూడు రోజుల్లో ఏ పిల్లకి ఏ చన్నో తేలిపోతుంది, అది పాలు మానేదాకా మారదు. తల్లి కూడా పాలని ఎప్పుడుపడితే అప్పుడు వదలదు. గంటకోసారి పిలిచి, పదిహేను ఇరవై సెకన్లపాటు చేపుతుంది, అంతే. ఆ కాసేపట్లో దొరకని పిల్లకి మళ్లీ గంటదాకా ఆకలే.

ఆ పాలలో అన్నీ ఉన్నాయి, ఇనుము తప్ప. పిల్ల ఒంట్లో పుట్టుకతో 50 మిల్లీగ్రాముల దాకా ఇనుము నిల్వ ఉంటుంది. పెరిగే పిల్లకి రోజుకి ఏడు మిల్లీగ్రాములు కావాలి. తల్లిపాలు ఇచ్చేది ఒక్క మిల్లీగ్రామే. లెక్క వేసి చూడు, రెండో వారానికి నిల్వ అడుగంటుతుంది. పిల్ల తెల్లగా పాలిపోతుంది, ఎగశ్వాస పెడుతుంది. స్కాట్లండులోని ఆబర్డీన్‌లో మెక్‌గవన్, క్రైటన్ అనే ఇద్దరు 1920ల మొదట్లో ఈ జబ్బుకి కారణం ఇనుము లోటేనని తేల్చారు. బయట తిరిగే పిల్లకి ఈ జబ్బు అంతగా రాదు, మట్టి తవ్వి తింటుంది కదా. సిమెంటు గచ్చు మీద పుట్టిన పిల్లకి మట్టి ఎక్కడిది? అందుకే మూడో రోజునో నాలుగో రోజునో పశువైద్యుణ్ణి పిలిచి ఇనుము ఇంజెక్షన్ చేయించాలి. ఈ ఒక్కదాంట్లో వాయిదా పనికిరాదు.

పది పదిహేను రోజులు వచ్చాక పిల్లకి విడిగా, తల్లి దూరని చోట కొద్దికొద్దిగా దాణా రుచి చూపించాలి. అప్పటికి దాని పొట్ట పాలచక్కెరని అరిగించుకోగలదు గానీ పచ్చి పిండిపదార్థాన్ని పూర్తిగా అరిగించుకోలేదు. ఆ పని చేసే రసాలు వారాల మీద నెమ్మదిగా ఊరతాయి. అంచేత ఉడికించిన నూకల జావ, కాస్త పాలపొడి, సోయా చెక్క, మంచి చేపపొడి. ఇందులో మాంసకృత్తులు నూటికి 20 నుంచి 22 పాళ్లు ఉండాలి. ఇది అలవాటు చెయ్యకుండా ఆరో వారమో ఎనిమిదో వారమో ఒక్కసారిగా పాలు మాన్పించేస్తే, అరగని తిండి పేగు చివర సూక్ష్మజీవులకి విందు అవుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, తవుడు చాలదని ఎందుకన్నానో. మాంసకృత్తి అనేది ఇరవై రకాల అమైనో ఆమ్లాల కూర్పు. వీటిలో లైసిన్ అనేదాన్ని పంది సొంతంగా తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. పంది కండలోని మాంసకృత్తి వంద గ్రాములు తీసుకుంటే అందులో లైసిన్ ఏడు గ్రాములు ఉంటుంది. మొక్కజొన్న మాంసకృత్తిలో మూడు కూడా ఉండదు. నూకల్లో, వేరుశనగ చెక్కలో నాలుగు దాటదు. తవుడులో నాలుగున్నర. సోయాలో ఆరు పైన, చేపపొడిలో ఏడు పైన. నువ్వు జాజులూ కనకాంబరాలూ ఒకటి విడిచి ఒకటి కడుతుంటే కనకాంబరాలు అయిపోయిన చోట మాల ఆగిపోతుందా లేదా? బుట్టెడు జాజులు మిగిలినా అంతే. కండకి లైసిన్ అలాంటిది. అది అయిపోయిన చోట కండ కట్టడం ఆగుతుంది. మిగిలిన అమైనో ఆమ్లాల్ని ఒళ్లు దాచుకోలేదు. విరగ్గొట్టి, నత్రజనిని యూరియాగా మార్చి మూత్రంలో పారేస్తుంది. షెడ్డులో కళ్లు మండించే అమ్మోనియా ఘాటు చాలావరకు అక్కడిదే. నువ్వు డబ్బు పోసి కొన్న దాణా అలా గాలిలో కలిసిపోతుందన్నమాట.

తవుడుతో ఇంకో చిక్కుంది. అందులో భాస్వరం బాగానే ఉంది గానీ, ఫైటేట్ అనే రూపంలో బంధించి ఉంది. ఆ ముడి విప్పే రసం పంది పొట్టలో తగినంత లేదు. పైగా ఆ ఫైటేట్ జింకుని కూడా పట్టేసుకుంటుంది. 1955లో అమెరికాలోని అలబామాలో టకర్, సాల్మన్ చూపించారు, పందుల చర్మం బెరడులా పగిలి పొక్కులు కట్టే జబ్బు జింకు లోటు వల్లనేనని. మనవాళ్లు దాన్ని గజ్జి అనుకుని నూనెలు రాస్తూ కూర్చుంటారు. దాణాలో ఖనిజ మిశ్రమం కలిపితే తగ్గేదానికి ఎన్ని నూనెలు రాసి ఏం లాభం?

పాలు మానిన పిల్ల 50 కిలోలు వచ్చేవరకు కండ కట్టే వయసు. అప్పుడు వందకి నూకలో మొక్కజొన్నో 50 పాళ్లు, తవుడు 22, సోయా చెక్క 20, చేపపొడి 5, ఖనిజ మిశ్రమం రెండున్నర, ఉప్పు అర. మాంసకృత్తులు 18 పాళ్లకి వస్తాయి. సోయా అంటే వేయించి నూనె తీసిన చెక్కే సుమా. పచ్చి సోయాలో అరుగుదలని అడ్డుకునే పదార్థం ఉంది, వేడికే అది పోతుంది. వేరుశనగ చెక్క చవగ్గా దొరికినా బూజు వాసన వస్తే ముట్టుకోకు, అఫ్లటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది.

50 కిలోలు దాటాక ఒళ్లు కొవ్వు వైపు మొగ్గుతుంది. కండలో మూడొంతులు నీళ్లే, కొవ్వులో నీళ్లు బహు తక్కువ. అందుకే చిన్నప్పుడు కిలో బరువు పెరగడానికి రెండు కిలోల దాణా సరిపోతే, చివర్లో నాలుగు కిలోలు పడుతుంది. ఇక్కడ మాంసకృత్తులు 14 పాళ్లు చాలు. నూకలు 50, తవుడు 35, సోయా చెక్క 12, తక్కినవి మామూలే. అయితే ఈ తవుడు డీఓబీ కావాలి. నూనె ఉన్న తవుడు ఎక్కువ వేస్తే ఆ నూనె యథాతథంగా పంది కొవ్వులోకి చేరి, మాంసం మెత్తబడి జారిపోతుంది, కొనేవాడు పెదవి విరుస్తాడు. చేపపొడి కూడా చివరి నెలల్లో మానెయ్, నీచు వాసన పట్టేస్తుంది. పచ్చి తవుడు కొంటే మిల్లు ఆడిన తాజాదే కొను. బియ్యం పాలిష్ పట్టిన క్షణం నుంచే అందులోని రసం నూనెని విరగ్గొట్టడం మొదలెడుతుంది, రోజుల్లో చేదెక్కుతుంది. కొల్లేట్లో గుర్రపుడెక్క ఊరికే దొరుకుతుంది కదా అంటావేమో. అందులో నూటికి 90 పైగా నీళ్లు. చూడి పందికి కడుపు నిండడానికి కాస్త పనికొస్తుంది, పెరిగే పిల్లకి కాదు.

తల్లి పంది చూడి మోసేది మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. ఆ కాలంలో రోజుకి రెండు, రెండున్నర కిలోల దాణాకి మించి పెట్టకు. చూడిదని జాలిపడి మేపితే కొవ్వెక్కి ఈత కష్టమవుతుంది, పైగా ఈనాక మేత మానేస్తుంది. ఆఖరి నెలలో మాత్రం కొంచెం పెంచు. ఈనాక దాని ఆకలికి హద్దు పెట్టొద్దు. ఎనిమిది పిల్లల తల్లికి రోజుకి నాలుగైదు కిలోల దాణా, పదిహేను ఇరవై లీటర్ల నీళ్లు కావాలి. పందికి చెమట పట్టదు. మే నెల మధ్యాహ్నం మేత వేస్తే అరుగుదల వేడి కూడా తోడై మూతి పెట్టదు. తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వెయ్యి, మధ్యలో ఒంటిమీద నీళ్లు చల్లు.

కల్యాణ మండపాల్లో మిగిలినవి తెచ్చి వేస్తానన్నావు. మాంసం తగిలిన ఎంగిలి వద్దే వద్దు. 2020లో అస్సాంలో బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కి మందు లేదు, వండని పందిమాంసం ముక్కలో ఆ వైరస్ నెలలు బతుకుతుంది. కూరగాయల భోజనమైనా అరగంట సేపు బాగా మరిగించు. మన విందుల్లో పచ్చళ్లు, అప్పడాల ఉప్పు ఎక్కువ. నీళ్లతొట్టి ఎండిన రోజు ఆ ఉప్పే పంది మెదడుకి ఎక్కి ఫిట్సు తెప్పిస్తుంది.

జాతి పిల్లల కోసం ఎక్కడికి పోవాలన్నావు. 1970ల నుంచి తిరుపతి వెటర్నరీ కాలేజీలో పందుల మీద పరిశోధన సాగుతోంది, అక్కడ సీమ యార్క్‌షైర్ రక్తం ముప్పాతిక, నాటు రక్తం పావు ఉన్న సంకరజాతిని తీశారు. మన దగ్గరే గన్నవరంలో ఒకప్పుడు ప్రభుత్వ బేకన్ ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడక్కడ వెటర్నరీ కాలేజీ ఉంది, ఒకసారి వెళ్లి మాట్లాడు.

ఇక దాణా ఎప్పుడు మార్చాలో తెలియాలంటే బరువు తెలియాలి. కాటా లేకపోతే దర్జీ టేపు చాలు. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలుదాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలువు. చుట్టుకొలతని దానితోనే హెచ్చవేసి, మళ్లీ పొడవుతో హెచ్చవేసి, 14,430తో భాగించు. చుట్టుకొలత 90, పొడవు 95 వచ్చిందనుకో, దరిదాపు 53 కిలోలు. ఆ పందికి మర్నాటి నుంచి రెండో పాళ్ల దాణా కలపడం మొదలుపెట్టు, ఒక వారంలో మెల్లగా పూర్తిగా మార్చు.