తాళం చెవి ఇచ్చేది ఎవరు?

సాయంత్రం కాలేజీలు వదిలే వేళ రాజమహేంద్రవరంలో ఏ జూనియర్ కళాశాల వీధిలోనైనా పది నిమిషాలు నిలబడి చూడండి. ఒక స్కూటీ మీద ముగ్గురు, ముగ్గురి వీపులకూ పుస్తకాల సంచులు, మధ్యలో కూర్చున్నవాడి చేతిలో ఫోను. హెల్మెట్ ఉంటే అద్దానికి వేలాడుతుంటుంది. తోలుతున్న బిడ్డకు పదహారో పదిహేడో ఉంటాయి. బండి ఎవరిది బాబూ అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు "నాన్నది" అనే.

ఈ వారం మేము మాట్లాడదలచింది ఆ నాన్నతో, ఆ అమ్మతోనే. జాగ్రత్తగా వెళ్లమని పిల్లలకు ఇంట్లోనూ బడిలోనూ సంఘంలోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. బండి ఇచ్చిన పెద్దల గురించి చట్టం ఏమంటుందో మాత్రం మనలో చాలామందికి తెలియదు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ జరిగింది. దానిలోని శిక్షల సెక్షన్లు ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. అప్పుడు చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డ బండి నడిపి ఈ చట్టం కింద నేరం చేస్తే, దోషిగా నిలబడేది సంరక్షకుడు లేదా బండి యజమాని. శిక్ష మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ బిడ్డకు ఇరవై అయిదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడండీ" అంటే సరిపోదు. పెద్దల సమ్మతితోనే తీసుకెళ్లాడని న్యాయస్థానం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది పెద్దలే. తాళం చెవి గుమ్మం పక్క మేకుకు అందరికీ అందేలా వేలాడుతుంటే ఏం రుజువు చేస్తాం?

పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారు కదా అని కొందరంటారు. అది సగం నిజం. పదహారేళ్లకు నడపనిచ్చేది ఇంజను 50 సీసీ దాటని బండి మాత్రమే. ఆ మాటకు ఒకప్పటి టీవీఎస్ 50 సరిపోయేది. ఇప్పుడు మన చేలగట్ల మీద కొబ్బరికాయలు, గడ్డిమోపులు మోసే ఎక్స్ఎల్ దాదాపు 100 సీసీ. యాక్టివా అంతకన్నా ఎక్కువ. షోరూములో కొనే మామూలు పెట్రోలు స్కూటర్ ఏదీ ఆ లెక్కలోకి రాదు. బ్యాటరీ బండికి లైసెన్సు అక్కర్లేదన్నదీ అంతే. మోటారు 250 వాట్లలోపు ఉండి, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటని వాటికే ఆ మినహాయింపు.

బీమా ఉంది కదా అనే ధైర్యం ఇంకొకటి. లైసెన్సు లేని బిడ్డ చేతికి యజమానే తెలిసి బండి ఇచ్చి, ఆ బండి ఎవరినైనా గుద్దితే, బాధితులకు బీమా సంస్థ చెల్లించినా ఆ సొమ్మును యజమాని నుంచి తిరిగి రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. రెండెకరాల కుటుంబానికి దాని అర్థం ఏమిటో వివరించనక్కరలేదు.

చట్టం అన్యాయంగా ఉంది, తప్పు చేసినవాడిని వదిలి తండ్రిని పట్టుకోవడమేమిటి అనిపించవచ్చు. బైబిలు చదివేవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు గురించిన కట్టడ ఉంది. మొదటిసారి పొడిచినప్పుడు యజమాని నిర్దోషి. దానికి పొడిచే అలవాటుందని తెలిసి, హెచ్చరిక విని కూడా కట్టివేయకపోతే, ఆ ప్రాణానికి యజమానే జవాబుదారీ. మన ఇంటి ముందున్న బండి కూడా ప్రాణం తీయగలదని మనకెవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

2024 మే 19న పుణేలో పదిహేడేళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల ప్రాణం తీసింది. రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయాలనే షరతు పెట్టి అతనికి మొదట బెయిలు ఇచ్చినప్పుడు దేశమంతా మండిపడింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఖరీదైన కారు చూసి కోప్పడిన మనమే మన వీధిలోని స్కూటీని చూసి నవ్వి ఊరుకుంటున్నాం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. వారిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే.

పదహారేళ్ల బిడ్డకు బండి తోలడం రాదని కాదు. మనకంటే చక్కగా తోలుతాడు కూడా. రానిది ముందు ఏం జరగబోతుందో ఊహించడం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. గేదె అడ్డం వచ్చిందని కన్ను చూసి, చేయి బ్రేకు నొక్కేసరికి సెకనున్నర గడిచిందనుకోండి, అప్పటికే 25 మీటర్లు అయిపోయాయి. బండి ఆగడానికి పొడి రోడ్డు మీదే ఇంకో 20 మీటర్లకు పైగా కావాలి. వేగం రెట్టింపయితే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. మన రోడ్లేమో ఎప్పుడూ పొడిగా ఉండవు. లారీ నుంచి జారిన ఇసుక, కోతల కాలంలో తారు మీద ఆరబోసిన ధాన్యం, మలుపు తిరగగానే కాలువ. ధవళేశ్వరం నుంచి కిందికి ఏ కాలువ గట్టు పట్టుకుని వెళ్లినా అడ్డుగోడ లేని చోట్లు ఎన్నో. మోరంపూడి, లాలాచెరువు దగ్గర ఊరి బండ్లు, పదహారో నంబరు జాతీయ రహదారి లారీలు ఒకచోట కలుస్తాయి. అక్కడ పెద్దవాళ్లకే గుండె దడదడలాడుతుంది.

వెనక స్నేహితుడు ఎక్కితే ప్రమాదం ఇంకా పెరుగుతుందని చాలా దేశాల పరిశోధనలు చెప్పాయి. ఒక్కడే ఉంటే నెమ్మదిగా పోయేవాడు ఇద్దరు చూస్తుంటే హ్యాండిల్ వదిలేస్తాడు. అందుకే న్యూజిలాండ్ 1987లోనే కుర్రవాళ్లకు దశలవారీ లైసెన్సు పెట్టింది. కొత్తగా నేర్చినవారు కొంతకాలం రాత్రిపూట ఒంటరిగా నడపకూడదు, స్నేహితులను ఎక్కించుకోకూడదు. ఆ తర్వాతే పూర్తి లైసెన్సు. మన దగ్గరా లెర్నర్ లైసెన్సు మీద మోటారు సైకిలు నడిపేవారు, నేర్పేవారిని తప్ప వేరొకరిని ఎక్కించుకోకూడదనే నిబంధన ఉంది. ఎర్రటి ఎల్ బోర్డు పెట్టుకున్న బండి మన ఊళ్లో మీరు ఎన్నిసార్లు చూశారు?

హెల్మెట్ గురించి ఒక్కమాట. అది మరణ ప్రమాదాన్ని సుమారు 40 శాతం, తలకు గాయాన్ని సుమారు 70 శాతం తగ్గిస్తుందని అధ్యయనాలు తేల్చాయి. గడ్డం కింద పట్టీ బిగిస్తేనే. వెనక కూర్చున్నవారికీ అది తప్పనిసరి.

తల్లిదండ్రుల ఇబ్బంది మాకు తెలుసు. తెల్లవారుజామున ట్యూషను, రాత్రి తొమ్మిదికి స్టడీ అవర్ వదలడం, తండ్రికి డ్యూటీ, కడియం దాటాక లోపలి ఊరికి బస్సు దొరకదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం కనుక ఆడపిల్లలకు కొంత దారి దొరికింది. మగపిల్లలకు సైకిలే మేలు. నాలుగైదు కిలోమీటర్లు సైకిలు తొక్కితే నామోషీ అనుకునే రోజులు ఎప్పుడొచ్చాయో మాకు అర్థం కాదు. నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒక ఆటో మాట్లాడుకోవచ్చు. ట్యూషను వేళలు మార్చమని యాజమాన్యాన్ని కలిసికట్టుగా అడగవచ్చు. ఒక్కరు అడిగితే వినరు, ముప్పైమంది వెళ్తే వింటారు.

సంఘాలు చేయగలిగిందీ ఉంది. కొత్త బండి కొంటే ఆదివారం ఆరాధన అయ్యాక ఆవరణలో నిలబెట్టి సంఘకాపరి చేత ప్రార్థన చేయించుకోవడం మన వాడుక. ప్రార్థనకు ముందు అయ్యగారు ఒక్క ప్రశ్న అడగాలి: ఈ బండి ఎవరు నడుపుతారు, లైసెన్సు చూపించండి. తండ్రి పేరున కొని, పదో తరగతి పాసైన కొడుకు చేతిలో పెడుతున్నారని తెలిస్తే, ప్రార్థన కొడుకుకు పద్దెనిమిది నిండాక చేద్దామని చెప్పడానికి అయ్యగారు మొహమాటపడకూడదు. డిసెంబరులో క్యారల్స్ కోసం రాత్రి పదకొండు, పన్నెండు దాకా యౌవనస్థులు బండ్ల మీద ముగ్గురేసి ఇల్లిల్లూ తిరుగుతారు. ఈ ఏడాది దానికి ఒక వ్యాను మాట్లాడండి. అద్దె కానుకల్లోంచి ఇవ్వవచ్చు. వ్యాను కుదరకపోతే నడిచి వెళ్లగలిగినన్ని ఇళ్లకే వెళ్లి, మిగతా వీధులు మర్నాటికి పెట్టుకోండి.